మూలలు లేని అర్ర

ఊళ్లో ఏ పిల్లకైనా గాలి సోకిందని ఎవరైనా అంటే, నేను ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసేదాన్ని. అంగన్‌వాడీలో ఆయాను. నా చేతుల మీదుగా ఎందరో పిల్లలు పెరిగారు. వాళ్ల ఏడుపుకు కారణం ఆకలో, చెవినొప్పో, ఇంట్లో పడిన దెబ్బలో అయ్యేది. దయ్యం ఎన్నడూ కాలేదు. అక్షరాలు కూడా ఆ పిల్లల పక్కన కూర్చునే, నడివయసు దాటాక నేర్చుకున్నాను. ఈ సంగతి రాయడానికి చాలా కాలం వెనకాడాను. నాకు తెలిసినంత వరకే రాస్తాను.

హుజూరాబాద్ దగ్గరి మా ఊరి నుంచి నన్ను మంచిర్యాలకు శిక్షణకు పంపారు. చుట్టుపక్కల జిల్లాల కానిస్టేబుళ్లు, నర్సులు, అంగన్‌వాడీ వాళ్లు వచ్చారు. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లలతో ఎలా మాట్లాడాలి, విన్నది ఎవరికి చెప్పాలి అన్నది నేర్పేవారు. నేర్పించే సునీత మేడం రోజూ ఒకటే మాట అనేది. పిల్ల నోట్లో మన మాట పెట్టకూడదు. ‘మీ మామ కొట్టిండా?’ అని అడగొద్దు, ‘ఏమైంది?’ అని అడగాలి. మనం అందించిన మాటను పిల్ల తిరిగి చెబితే అది కోర్టులో నిలవదు. పిల్ల మళ్లీ ఆ ఇంటికే పోతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకరు పిల్లలాగా, ఒకరు అడిగేవారిలాగా కూర్చోవాలి. ఎక్కడ తప్పు అడిగామో తర్వాత చూపించడానికి మేడం తన ఫోన్‌లో వీడియో తీసేది. ఆ రోజు పిల్ల వేషం నాకు పడింది. అడిగేది స్వరూప, లక్సెట్టిపేట దిక్కు కానిస్టేబుల్. పిల్లలు కూర్చునే చిన్న ప్లాస్టిక్ కుర్చీ నా ముందు పెట్టారు.

“కుర్చీ జర పైలం రాజవ్వా, అది గూడ చిన్నపిల్లనే” అంది స్వరూప. అందరూ నవ్వారు. నాకు మోకాళ్లు సలుపుతున్నాయి. చెప్పడానికి సిగ్గనిపించి అలాగే కూర్చున్నాను.

మేడం నాకు ఇచ్చిన కథ చిన్నది. ఒక పాపను పినతల్లి వంటింట్లో కొడుతుంది. అంతే.

“నిన్ను యాడ ఉంచుతరు బిడ్డా?” అని స్వరూప అడిగింది.

వంటింట్లో అని చెప్పబోయాను. “మూలల్లేని అర్రల” అన్నాను.

గొంతు నాదే. కళ్లు తిరగలేదు, చెమట పట్టలేదు. పాత వడ్ల వాసన మాత్రం వచ్చింది. అది పట్నంలో సిమెంటు గది, కిటికీ బయట రోడ్డు.

“మూలల్లేని అర్ర ఏందే, లడ్డూల కూసున్నవా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. స్వరూప నవ్వు ఆపుకుని, “ఇంకేమున్నది ఆడ?” అని అడిగింది.

“మీద రేకు. రేకుకు బొక్క. బొక్కలకెళ్లి వెలుగొస్తది. గా వెలుగు నా కాళ్ల మీదికొస్తే చిన్నాయిన వస్తడు. గోడకు నన్ను గన్న అవ్వ బొట్టుబిళ్ల అంటవెట్టిన. చిన్నాయినకు కనవడది.”

మేడం ఫోన్ ఆపి నన్ను పక్కకు తీసుకుపోయింది. మా సెంటర్‌లో ఏ పిల్లో నాతో చెబితే దాచిపెడుతున్నానని ఆమె అనుమానం. ఎక్కడ విన్నావని మార్చి మార్చి అడిగింది. తెలియదన్నాను. నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మేదాన్ని కాదు. తర్వాత మా ఊరికి మనుషులను పంపి, సెంటర్‌కు వచ్చే ప్రతి పిల్ల గురించీ వాకబు చేయించింది. ఏమీ బయటపడలేదు.

పత్తి ఏరే రోజుల్లో స్వరూప ఫోన్ చేసింది.

“రాజవ్వా, నిజం చెప్పు. లక్సెట్టిపేట దిక్కు నీకు చుట్టాలున్నరా?”

“ఎవ్వరు లేరు. ఏమైందే?”

“ఒట్టు?”

“నా బిడ్డ మీద ఒట్టు.”

“అయితే నువ్విటు రాకు. గా అర్ర ముచ్చట ఎవ్వరితోని తియ్యకు” అని పెట్టేసింది.

సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ పాప పేరు, ఊరు రాయను. తల్లి చనిపోయింది. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు. పాప చిన్నాయిన దగ్గర ఉంటుంది. ఒంటి మీద వాతలు చూసి బడి పంతులమ్మ ఫిర్యాదు చేస్తే స్వరూప విచారణకు పోయింది. ఆ ఇంటి పెరట్లో వడ్లు పోసుకునే పాత గుమ్మి ఉంది. వెదురుతో అల్లి పేడతో అలికినది, మనిషి కంటే ఎత్తు, గుండ్రంగా ఉంటుంది. అందులో వడ్లు లేవు. పైన రేకు కప్పి ఉంది. రేకుకు బొక్క చూడగానే శిక్షణలో నేనన్న మాటలు గుర్తొచ్చాయని స్వరూప చెప్పింది.

పాప మాత్రం నోరు విప్పలేదు. ‘నిన్ను మూలల్లేని అర్రల పెట్టిండా?’ అని ఒక్కసారి అడిగితే తల ఊపేదే. కానీ అప్పుడు అది పాప మాట కాదు, నా మాట. వీడియో కూడా ఉంది. ఆ ఆయానే పిల్లకు నేర్పిందని చిన్నాయిన తరఫు వాళ్లు అంటే పాప మళ్లీ గుమ్మిలోకే. స్వరూప ఆ మాట ఎత్తకుండా పాపను మేడం దగ్గరికి తీసుకుపోయింది.

మేడం “ఏమైందో నీకు తోచినట్టు చెప్పు బిడ్డా” అని మాత్రం అడిగి ఊరుకుందట. పాప చేతి గాజులు తిప్పుకుంటూ, “చిన్నాయిన నన్ను అర్రల ఏస్తడు. అర్రకు మూలల్లెవ్వు” అంది. గుమ్మిలోకి దిగి చూస్తే, కూర్చున్న పిల్ల చెయ్యి అందే ఎత్తులో గోడకు బొట్టుబిళ్ల అంటించి ఉంది.

పాప ఇప్పుడు అమ్మమ్మ దగ్గర ఉంది. కేసు నడుస్తోంది.

నన్ను కూడా పిలిచి అడిగారు. నా ఫోన్ చూశారు, చుట్టాల ఊళ్లు రాసుకున్నారు. నేను తప్పు పట్టలేదు. నాకూ అందరి మీదా అనుమానమే. బస్సులో ఎవరైనా చెప్పుకుంటుంటే విన్నానా? స్వరూపకు ముందే తెలిసి నా చెవిన వేసిందా? ఆ పంతులమ్మ ఫిర్యాదు మా శిక్షణ అయ్యాక వచ్చింది. అంతకుముందు ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు.

ఆఖరున మేడమే మా ఊరికి వచ్చింది. నా మీద ఏ తప్పూ తేలలేదని చెప్పి, లేవబోతూ మళ్లీ కూర్చుంది.

“ఇదివరకు ఎవరికన్నా చెప్పినవా అని అందరు పిల్లల్ని అడుగుతం కద రాజవ్వా. ఆ పిల్లనూ అడిగిన. చెప్పిన అన్నది. చిన్న కుర్చీల కూసున్న ముసలామెకు చెప్పిన అన్నది.”

“రాసిండ్రా?”

“అన్నది అన్నట్టు రాయాలె కద. రాసిన. అందుకే నువ్వు ఆ పిల్ల కంట పడొద్దు. నిన్ను గుర్తువట్టిందంటే నేర్పిచ్చినవంటరు.”

నేను పోలేదు. ఆ పాప ముఖం ఇప్పటికీ చూడలేదు.

మేడం గేటు దాకా పోయి ఆగింది. “ఇంకో మాటన్నది. పాపం ఆమెకు మోకాళ్లు మస్తు నొస్తుండె, కని ఎవ్వరికి చెప్పలే అన్నది. అదేంది రాజవ్వా?”

నాకేం తెలుసు మేడం అన్నాను. ఇది ఎలా జరిగిందో నాకు నిజంగానే తెలియదు. మోకాళ్ల సంగతి మాత్రం, ఆ రోజు నేను ఎవ్వరికీ చెప్పలేదు.