బల్బు బాబాయి వెనక సీటు

మా వీధి మెకానిక్ బల్బు బాబాయికి ఒకే ఒక్క జబ్బు. బండి రోగాన్ని కళ్ళారా చూస్తే తప్ప ఆ బండిని వదలడు. పాత మోటారుసైకిల్ ఉన్నట్టుండి కరెంటు పోయి ఆగిపోతోందని చెబితే, మన మాట నమ్మడు. బ్యాటరీ తీగకు చిన్న బల్బు తగిలించి, దాన్ని చేత్తో పట్టుకుని వెనక సీటెక్కేస్తాడు. బల్బు ఆరితే రోగం దొరికినట్టు. ఆరేదాకా మనం ఎక్కడికెళితే అక్కడికి వస్తాడు.

ఒకాయన అలాగే బాబాయిని వెనక ఎక్కించుకుని ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళితే, వాళ్ళు పొరపాటున బాబాయిని లోపలికి పిలిచి ఉద్యోగం కూడా ఇచ్చేశారట. "బల్బు ఇంకా ఆరలేదండీ" అని వచ్చేశాడట. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో నాకూ తెలీదు.

నా భార్య చనిపోయిన ఏడాదే నా బండికీ ఆ రోగం పట్టుకుంది.

"ఎక్కడ ఆగింది?" అన్నాడు బాబాయి.

"వంతెన మలుపులో."

"ఎవరికి ఫోన్ చేశావు?"

"ఎవరికీ చెయ్యలేదు. నాకెవరున్నారు? మూడు కిలోమీటర్లు తోసుకుంటూ ఇంటికెళ్ళాను."

బాబాయి నా మొహంకేసి కాసేపు చూశాడు. "వెళ్ళి టీ తాగి రా" అన్నాడు. వచ్చేసరికి బల్బు పట్టుకుని వెనక సీటు మీద సిద్ధంగా ఉన్నాడు.

ఇక రోజూ సాయంత్రం అదే వరస. అంతకుముందు నేను ఇంటి తాళం తీసి, లైటు వేసి, గోడకేసి చూస్తూ కూర్చునే వేళకి నా వీపు వెనక ఒక మనిషి ఆపకుండా మాట్లాడేవాడు. నా కూరగాయలు తను బేరమాడేవాడు. నా వంటింట్లో ఉప్పు డబ్బా నాకంటే ముందు తనే కనిపెట్టాడు. "నువ్వూ ఏదైనా మాట్లాడవయ్యా. నోరు మూసుకుని నడిపితే రోగం బయటపడదు" అనేవాడు. నెలన్నర గడిచినా బల్బు ఒక్కసారీ ఆరలేదు. బండికి ఆయనంటే భయమనుకున్నాను.

అంతలో బాబాయి నాలుగు రోజులు కూతురింటికి వెళ్ళాడు. ఇల్లు మళ్ళీ నా మీద పడింది. మూడో రోజు ఏమీ తోచక హెడ్‌లైట్ విప్పి తుడవబోతే, హ్యాండిల్ మెడ దగ్గర ఒక తీగకు అతుకు కనిపించింది. ఏ అతుకు వేసినా టేపు మీద తేదీ రాయడం బాబాయి అలవాటు. చూస్తే, నేను టీకి వెళ్ళిన రోజు తేదీ!

ఆయన రాగానే నిలదీశాను. "మొదటి రోజే బాగుచేసి, నెలన్నర నన్నెందుకు తిప్పారు?"

"తీగ లోపల తెగింది. హ్యాండిల్ ఎడమకి తిప్పితే విడిపోయేది. అది పది నిమిషాల పని" అన్నాడు తాపీగా. "బండి ఆగితే పిలవడానికి మనిషి లేకపోవడం ఉంది చూశావూ, అది పది నిమిషాల్లో అయ్యే పనా?"

కోప్పడదామని నోరు తెరిచాను. బయటికొచ్చింది వేరే మాట.

"ఇకనుంచి మీరు రారా, బాబాయ్?"

"బండి బాగుందిగా. నాకేం పని?"

ఒంటరిగా బయల్దేరాను. వంతెన దాకా వెళ్ళేసరికి వెనక సీటు మరీ ఖాళీగా అనిపించింది. పక్కకు తీసి, తాళం తిప్పి ఇంజను ఆపేసి ఫోన్ చేశాను.

"బాబాయ్, బండి ఆగిపోయింది."

"ఎలా ఆగింది?"

"నేనే ఆపాను."



"సరే, తోసుకుంటూ పోకు. వస్తున్నా."