చాలా తక్కువ వాడాం

మలుపు దగ్గర రేకుల షెడ్డులో పంక్చర్లు వేసే ఆయన్ని అందరూ గాలాయన అంటారు. అసలు పేరు ఆయన సంతకంలో తప్ప మరెక్కడా కనపడదు. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లుగా చేసే పని ఒకటే. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతాడు. బుడగ లేచినచోట పుల్లతో గుర్తు పెడతాడు. గీకి, జిగురు రాసి, అతుకు వేస్తాడు. మనుషులు ఏమైనా చెబుతారు గానీ నీళ్లు అబద్ధమాడవని ఆయన నమ్మకం.

ఆయన భార్య పాతికేళ్లు పత్తి మిల్లులో దూది ఏకే యంత్రాల దగ్గర పనిచేసింది. ఆ నుసి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మంచం నుంచి స్నానాల గదికి ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది వేయడానికి మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడాలి. ఆసుపత్రిలో పదకొండు రోజులుంచి, చీటీ రాసి పంపించారు. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ పెట్టుకోవాలి. నిమిషానికి రెండు లీటర్ల మీద, రోజుకు పదహారు గంటలు. వేలికి పెట్టే క్లిప్పు ఒకటి కొనుక్కుని ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూసుకుంటూ ఉండాలి. ఎనభై ఎనిమిది కంటే తగ్గితే వెంటనే తీసుకురావాలి.

కొత్త మెషిన్ ధర విన్నాక ఆయన దాని గురించి ఇంకేమీ అడగలేదు. టైర్లలో గాలి చూపించుకోవడానికి రోజూ వచ్చే పాల వ్యాను డ్రైవరొకడున్నాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుస్తాడు. అతనే తన ఫోన్లో పాత సామాన్ల యాప్ తెరిచి గట్టిగా చదివాడు.

“‘చాలా తక్కువ వాడాం. కొత్తదానిలాగే ఉంది. పనిచేసే కండిషన్. ఇంట్లో అవసరం తీరిపోయింది కాబట్టి ఇచ్చేస్తున్నాం.’ ఫొటో చూడు బావా, పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.”

“అవసరం తీరిపోవడమంటే? నయమైందనా, పోయారనా?”

“నీకెందుకు? మనకు కావలసింది మెషినా, వాళ్ల క్షేమసమాచారమా?”

షెడ్డులో ఉన్న కంప్రెసర్ అమ్మి గాలాయన మెషిన్ తెప్పించాడు. ఆ రోజు నుంచి టైర్లకు కాలి పంపుతోనే గాలి కొడుతున్నాడు.

అట్టపెట్టె విప్పితే మోకాలెత్తు మెషిన్, కింద నాలుగు చక్రాలు. నిజంగానే తళతళలాడుతోంది. స్విచ్ వేయగానే గుర్రుమంది. ఆయన గొట్టాన్ని భార్య ముక్కుకు తగిలించే ముందు, బకెట్ నిండా నీళ్లు తెచ్చి కొస అందులో ముంచాడు. నీళ్లు కుతకుతలాడాయి.

“చూశావా! ఎద్దు రొప్పినట్టు కొడుతోంది. ఇంక నీకేం ఢోకా లేదు.”

ఆవిడ గొట్టం పెట్టుకుంది. క్లిప్పులో ఎనభై ఆరు. అరగంట పోయాక కూడా ఎనభై ఆరే.

ఇక్కడే గాలాయన తప్పు చేశాడు. ఆ తప్పు చేయడానికి ముప్పై ఏళ్ల అనుభవం కావాలి. నీళ్లలో బుడగలు కళ్లారా చూశాడు కాబట్టి మెషిన్‌కి ఏ లోపమూ లేదు, పాడైంది క్లిప్పే అనుకున్నాడు. బ్యాటరీలు మార్చాడు. వేలు మార్చాడు. తన వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది వచ్చింది.

“మనిషికో మాట చెబుతోంది దొంగసచ్చినది” అని దాన్ని అలమారలో పడేశాడు.

“ఏమండీ, నాకు అందట్లేదు” అంది ఆవిడ.

“వస్తోందే! నువ్వు సరిగ్గా లాగట్లేదు. గట్టిగా లోపలికి లాగు.”

“లాగే ఓపికుంటే... ఈ గొట్టం ఎందుకు?”

రెండు మీదున్న మీటను ఆయన నాలుగుకు తిప్పాడు. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పొద్దున ఆవిడ మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆన్చి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. పడుకోబెడితే లేచి కూర్చుంటోంది. గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆయన క్లిప్పు మళ్లీ తీసి పెట్టాడు. డెబ్బై తొమ్మిది. అప్పుడు భయమేసింది. పాల వ్యాను అతనికి ఫోన్ చేసి రమ్మన్నాడు. అతను వస్తూ వస్తూ ఆసుపత్రి మెషిన్లు బాగుచేసే మెకానిక్కుని దారిలో ఎక్కించుకొచ్చాడు.

మెకానిక్కు అగ్గిపెట్టెలాంటి మీటరొకటి తీసి గొట్టం కొసకు తగిలించాడు.

“ముప్పై రెండు” అన్నాడు.

“అంటే?”

“దీంట్లోంచి వచ్చేదాంట్లో ఆక్సిజన్ నూటికి ముప్పై రెండు పాళ్లు. తొంభై దాటాలి.”

“గాలి బ్రహ్మాండంగా వస్తోంది కదయ్యా!”

“గాలికేం పెద్దాయనా, మీ కాలి పంపు తెచ్చి పెట్టినా వస్తుంది.”

అతను వెనక మూత విప్పాడు. గాలిలోంచి ఆక్సిజన్‌ని వేరుచేసే గుళికలు తేమ పట్టి పిండైపోయాయి. ఆక్సిజన్ తగ్గితే మోగాల్సిన అలారం మోగలేదు, ఎందుకంటే దాని తీగను ఎవరో నీటుగా కత్తిరించారు. ‘నాణ్యత పరీక్షించబడింది’ అన్న స్టిక్కరు పీకితే దాని కింద గంటల మీటరు కనపడింది. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై గంటలు.

“రాత్రీ పగలూ ఆపకుండా నడిపితే రెండున్నరేళ్లు” అన్నాడు మెకానిక్కు.

గాలాయన అమ్మినవాడికి ఫోన్ కలిపాడు.

“పనిచేస్తోందా లేదా చెప్పండి అంకుల్.”

“తిరుగుతోంది.”

“మరింకేం! పనిచేసే కండిషన్ అనే కదా రాశాం.”

“చాలా తక్కువ వాడామని కూడా రాశారు.”

“మేం తక్కువే వాడాం అంకుల్. మా ముందువాళ్లు ఎంత వాడారో మాకేం తెలుసు?”

“ఆ తీగ ఎవరు కోశారు బాబూ?”

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే మోగలేదు.

“వాడితో తగువు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఆవిణ్ణి లేపండి” అన్నాడు మెకానిక్కు.

ఖాళీ పాల ట్రేలు ఒక పక్కకు తోసి ఆవిణ్ణి వ్యానులో కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో మంచాల్లేవు. వరండాలో గోడకున్న ఆక్సిజన్ కుళాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి గొట్టం తగిలించారు. పది నిమిషాల్లో అంకె ఎనభై ఆరుకు, అరగంటలో తొంభైకి ఎక్కింది. మొహంలోకి కాస్త రంగొచ్చింది.

“టైరే నయం” అంది ఆవిడ. “గాలి పోతే... బండాపి చూస్తారు.”



నర్సు కాగితం మీద ఏదో రాసుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది. “సాయంత్రం ఆరింటికి ఈ కుళాయి ఆపరేషన్ అయినావిడకి. ఈలోపు ఇంట్లోకి మంచి మెషిన్ చూసుకోండి.”

“దొరక్కపోతే?”

“పెద్దాసుపత్రికి రాస్తాను బాబాయ్. అక్కడ పేరు రాయించుకుని బయట కూర్చోవాలి. ఈవిడ గొట్టం లేకుండా ఎంతసేపు కూర్చోగలదో మీరే చూశారు కదా.”

అప్పటికి ఒంటిగంట దాటింది. ఆయన పాల వ్యాను అతని ఫోన్లో అదే యాప్ తెరిపించాడు. మెషిన్లు మూడున్నాయి. మొదటిది అమ్ముడుపోయింది. రెండోవాళ్లు ఫోనెత్తలేదు. మూడో ప్రకటనలో ‘మంచి కండిషన్, బండితో మార్పిడికి కూడా ఇస్తాం’ అని ఉంది. ఒకావిడ ఎత్తింది.

“ఎన్ని గంటలు నడిచిందమ్మా?”

“ఆరు వందలండి.”

“మా మెకానిక్కుతో ఒకసారి చూపించుకుంటాను.”

“మెకానిక్కులూ గికానిక్కులూ వద్దండి. పొద్దున్నుంచి ఇద్దరడిగారు. ముందొచ్చినవాళ్లకే.”

ఆయన మెకానిక్కుకి ఫోన్ చేశాడు. ఏడింటిదాకా వేరే ఆసుపత్రిలో పనిలో ఉంటానన్నాడు. “గంటల మీటరు కూడా మార్చేస్తారు పెద్దాయనా. నేను చూడకుండా తీసుకోకండి.”

ఏడంటే కుదరదు. గాలాయన మళ్లీ ఆ అమ్మే ఆవిడకే ఫోన్ చేశాడు.

“వస్తున్నానమ్మా, ఎవరికీ ఇవ్వకండి. నా దగ్గర మోపెడ్ ఉంది.”

“కండిషనెలా ఉంది?”

ఆ మోపెడ్ పదిసార్లు తంతే గానీ లేవదు. లేచాక వీధంతా పొగ. ముందు బ్రేకు పేరుకే. పోయిన నెల టైర్లు మాత్రం ఆయన తన షెడ్డులోవి తీసి కొత్తవి వేసుకున్నాడు.

“టైర్లు రెండూ కొత్తవమ్మా” అన్నాడు.

“ఇంజను?”

ఆయన భార్య వేలికున్న క్లిప్పు చూశాడు. తొంభై.

“రోజూ తిరుగుతున్న బండేనమ్మా.”

“సరే, తీసుకురండి.”

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, గొట్టం ఎక్కడైనా నలిగిందేమోనని కుళాయిదాకా తడిమి చూశాడు. భార్య అంతా వింది.

“పొగ సంగతి... చెప్పారా?”

“అడగలేదు” అని ఆయన మెట్లు దిగాడు.