బాపమ్మ కోళ్లు, బాపు ముక్కు

కొత్తగా కొలువు దొరికిన రోజుల్లో లోకంలోని ప్రతి కష్టానికీ తన దుకాణంలోనే మందున్నట్టు అనిపిస్తది మనిషికి. సూరత్‌ల పర్వత్ పాటియాలో కోళ్ల దాణా దుకాణంలో చేరినప్పుడు నాకూ గట్లనే ఉండె. బమ్రోలిలో మా అద్దె ఇంటి మిద్దె మీద బాపమ్మ గుడ్లకోళ్లు సాదేది (మా బాపు తల్లి ఆమె). సూరత్‌ల ఆమె మాటలు తీరుబడిగా వినేటియి అవే. మేమంతా షిఫ్టుల మనుషులం. రెట్టల నుంచి లేచే అమోనియా ఘాటుకు కింది వాటా గుజరాతీ బేన్ (అక్క అన్నట్టు) కిటికీలు మూసుకునేది. ఆఖరికి ఇంటి మాలిక్ వచ్చి, వాసనన్నా పోవాలె, కోళ్లన్నా పోవాలె అని చెప్పిపోయిండు. ఆ పూట బాపమ్మ బువ్వ ముట్టలేదు.

నేను దుకాణం నుంచి యుక్కా అనే మొక్క పొడి తెచ్చి, దాణాల జర కలిపితే రెట్టల ఘాటు తగ్గుతదని అందరినీ కూసోబెట్టి ఉపన్యాసమిచ్చిన. వాసన చూసే పని బాపుకు అప్పజెప్పిన (ఇంటి పెద్ద, మాటకు విలువుంటదని). పాండేసర రంగుల మిల్లుల డ్యూటీ దిగి వచ్చి, ఆయన రోజూ మిద్దెక్కి, గంభీరంగ గాలి పీల్చి, "ఏం వాసన లేదు బిడ్డా, నీ మందు మస్తు పనిచేసింది" అనేటోడు. నేను ఉబ్బిపోయి మాలిక్‌ను పిలుచుకొచ్చిన. ఆయన మెట్ల మీదనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నడు. అప్పుడు బాపమ్మ మెల్లగ, "ఆ పొడి నేనింకా కలుపనే లేదు గదనే. కోళ్లకేమన్న అయితదేమోనని దాచిపెట్టిన" అన్నది.

మాలిక్‌ను బతిమాలి ఇంకొన్ని దినాలు అడుక్కున్నం. ఈసారి బాపమ్మ తన చేత్తోనే పొడి కలిపింది, నేను తడిసిన ఊక ఎత్తిపోసి పొడి ఊక పరిచిన. వాసన చూసే పని బేన్‌కు ఇచ్చినం. ఒకనాడు కింద కిటికీ తెరిచి, "అబ్ ఠీక్ హై" అన్నదామె. కోళ్లు ఉండిపోయినయి.

ఆ సాయంత్రం బాపు నా పక్కన కూసోని, "ముందుగాల ఎట్లుండె బిడ్డా, ఆ వాసన?" అని అడిగిండు. రంగుల మిల్లు ఘాటుకు ఆయన ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందని అప్పుడు సమజైంది. మాడిన పప్పు పెట్టినా పల్లెత్తు మాట అనకుండ తింటుంటే, బాపుది ఎంత మంచి గుణమో అని మురిసేటోళ్లం.

ఇప్పుడు అమోనియా కొలిచే మీటరు పట్టుకొని పెద్ద పెద్ద కోళ్ల షెడ్లకు పోతున్న. అయినా మీటరు కన్నా ముందు నా ముక్కే పెడత. కండ్లల్ల నీళ్లు తిరిగితే, ఉపన్యాసమిచ్చిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంట. అమోనియా గురించి అన్నీ తెలుసు దానికి, బాపు గురించే తెల్వదు.