లేని మొక్కు

బరువు తగ్గడంలో నాకు అనుభవం ఉంది. పద్దెనిమిది కిలోలు తగ్గాను, పది మళ్ళీ పెరిగాను, అందులో ఆరు మెల్లగా తగ్గించుకున్నాను. నాలుగేళ్ళుగా నాలో కూర్చున్న ఈ ఒక్క బరువు మాత్రం రవ్వంత కూడా కదల్లేదు. దాన్ని ఇవాళ మీ ముందు దించుతాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు.

పేరు చెప్పను. కోయంబత్తూరు పక్కన పోదనూరులో, రైలు కూత వినపడే ఇల్లు. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ బళ్ళో చదివింది తమిళం. నలభై దాటాక పిల్లల వాచకం పెట్టుకుని ఈ అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆయనకు గానీ, మా అమ్మాయికి గానీ ఇవి చదవడం రాదు. అందుకేనా దీన్ని తెలుగులో రాస్తున్నాను? అవును, అందుకే. నాకున్న ధైర్యం అంతే.

పంపులు తయారుచేసే కంపెనీలో నాది కుర్చీ ఉద్యోగం. కాన్పు తర్వాత ఒళ్ళు వచ్చింది, వచ్చినది పోలేదు. అద్దం ముందు నిలబడి నన్ను నేను తిట్టుకున్న తిట్లు బయటివాళ్ళెవరైనా తిట్టి ఉంటే మా ఆయన వాళ్ళ ఇంటిమీదికి పోయేవాడు. నన్ను నేను తిట్టుకుంటే ఎవరు అడుగుతారు?

మా ఇళ్ళలో అన్నం వద్దంటే ఊరుకోరు. వద్దంటే మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తారు. డాక్టరు చెప్పాడన్నా వినరు. కానీ విరతం, అదే వ్రతం, అంటే మాత్రం ఎత్తిన గరిటె కూడా దించేస్తారు. పురటాసి నెల శనివారాల్లో పెరుమాళ్ళకు ఒక్కపొద్దు ఉండటం తాతల కాలం నుంచీ మాకు అలవాటు. ఆ ఏడు నెల గడిచిపోయినా నేను ఆపలేదు. మొక్కుకున్నానని చెప్పాను. శనివారానికి సోమవారం తోడైంది, తర్వాత గురువారం. ఒక్కపొద్దు కాస్తా పూర్తి పస్తు అయింది. అందరూ భక్తి అనుకున్నారు. పైన పటారం, లోన లొటారం.

ఆకలి మొదట్లో నొప్పి. ఆ తర్వాత అదొక మత్తు. మధ్యాహ్నం పాలక్కాడు వైపు నుంచి గాలి వీస్తుంటే గుమ్మంలో కూర్చునేదాన్ని. రైళ్ళ చప్పుడు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుండేది. కాళ్ళు నేలకు తగులుతున్నాయో లేదో తెలిసేది కాదు. ఎవరో పిలిస్తే అది నా పేరేనా అని కాసేపు ఆలోచించేదాన్ని. దేవుడు కనిపించలేదు. నా మెడ ఎముక కనిపించింది. దానికే దండం పెట్టుకున్నాను.

మా అత్త మదురై అవతల ఆండిపట్టి పక్క మనిషి. పెళ్ళయి కోయంబత్తూరు వచ్చి నలభై ఏళ్ళు దాటినా ఆ యాస కొంత ఉండేది. షుగరు మనిషి, మాత్రల మీద నడిచేది. ఒక పొద్దున, ఈ మొక్కు ఎవరికోసం అని అడిగింది. అంతకు నెల ముందే మా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. పరీక్షలన్నీ చేసి గ్యాసు అని తేల్చారు. ఆ మాటే నా నోటికి దొరికింది. మీ కొడుకు కోసమే అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి శనివారం ఆమె పళ్ళెం కూడా బోర్లించి ఉంది. వాళ్ళ పక్క ఒక పట్టింపు ఉంది. ఇంట్లో ఒకరు గట్టి మొక్కు పడితే ఒంటరిగా వదలకూడదు, ఇంకొకరు తోడుగా, వాళ్ళ మాటలో తొణగా, పస్తుండాలి. నేను వద్దన్నాను. ఒక్కసారే అన్నాను. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నాది కూడా ఆపాల్సి వస్తుంది, అప్పటికి కాటా ముల్లు దిగుతూ ఉంది, నన్ను చూసినవాళ్ళంతా ఏం చేస్తున్నావని అడుగుతున్నారు, ఆ అడగడం నాకు అన్నం కంటే రుచిగా ఉంది. ఆమె మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఉంటోందని నాకు తెలుసా? తెలియదనుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. తెలుసు.

తై నెలలో, పొంగలు అయ్యాక, ఒక శనివారం, మిట్టమధ్యాహ్నం, ఉతికే రాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఎందుకు తినలేదని ఆసుపత్రిలో అడిగితే మా ఆయన విరతం అని చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆపరేషను అయిన మర్నాడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మణీ, విరదం మధ్యలో విడిచిపొయ్యిందే."

"పర్వాలేదు అత్తా. పణుకోండి."

"తొణ ఉంటానని పెరుమాళ్ళకి చెప్పి నేనే విడిచేస్తినే. వానికేమన్నా అయితే ఎట్ల?"

"ఏమీ కాదు అత్తా."

"నీకెట్ల తెలుసు?"

నాకెలా తెలుసు! మొక్కే లేనప్పుడు అది విడిచిపోతే ఎవరికీ ఏమీ కాదని ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నోరు తెరిచాను. నీళ్ళు తాగుతారా అని అడిగాను. ఆమె తాగింది.

ఆ తర్వాత రెండున్నరేళ్ళు ఉంది. మంచం, వాకరు, మళ్ళీ మంచం. మా ఆయన దగ్గినా, షిఫ్టు నుంచి పావుగంట ఆలస్యమైనా ఆమె లెంపలు వేసుకునేది. తప్పు నాది, వాణ్ణి ఏమీ చెయ్యొద్దని పెరుమాళ్ళను బతిమాలేది. విరిగిన తుంటి పాపం నాదేనా, వయసుదా, మాత్రదా అని నాతో నేను వాదించుకోగలను. ఈ భయం మాత్రం నేను పెట్టిందే. నేను ఒక్కమాట చెప్పి ఉంటే ఆ పూటే పోయేది. స్నానం చేయించాను, తల దువ్వాను, ముద్దలు కలిపి పెట్టాను. కోడలంటే ఇట్లుండాలని చుట్టాలు మెచ్చుకుంటే తల వంచుకుని ఆ మెప్పు కూడా తీసుకున్నాను. సేవ చేస్తే చెప్పనక్కర్లేదని ఎవరన్నారు నాకు?

నా పస్తులు మాత్రం అప్పటికీ ఆగలేదు. ఒకరోజు ఆమెను లేవదీస్తుంటే నాకే కళ్ళు చీకట్లు కమ్మాయి. ఇద్దరం గోడకు ఆనుకుని, ఎలాగో పడకుండా నిలిచాం. ఆరోజు మిగిలిన ఇడ్లీలు నిలబడే తిన్నాను, ఏడుస్తూ తిన్నాను. అప్పటినుంచి పస్తు మానేశాను. మొక్కు తీరిందని ఇంట్లో చెప్పాను. అదీ అబద్ధమే. తగ్గిన ఒళ్ళు పది కిలోలు తిరిగొచ్చింది. ఈసారి దాన్ని తిట్టలేదు. ఒక ముసలి మనిషిని రోజుకు నాలుగుసార్లు ఎత్తి కూర్చోబెట్టే ఒళ్ళు, దాన్నెలా తిడతాను? మూడు పూటలా తిన్నాను, పొద్దున్నే నడిచాను, ఆకలేస్తే ఆకలి అన్నాను. ముల్లు దిగిన వారం మురిసిపోలేదు, ఎక్కిన వారం పర్వాలేదనుకున్నాను. పర్వాలేదు అనే మాట నా ఒంటికి చెప్పుకున్నప్పుడల్లా ఆసుపత్రి గది గుర్తొచ్చేది. అక్కడ కూడా అదే అన్నాను కదా.

నాతోపాటు నడిచే ఒకావిడ, నిన్ను నువ్వు క్షమించుకోవడమే సగం పత్యం అంటుంది. నిజమే. పండక్కి రెండు మైసూరుపాకులు ఎక్కువ తిన్నందుకు నన్ను నేను క్షమించుకుంటాను, మూడో రోజుకు మరిచిపోతాను కూడా. దీన్ని క్షమించే హక్కు మాత్రం నాది కాదు.

నిరుడు ఆడి నెలలో ఆమె పోయింది. పోయే ముందు రోజు తెలివిగానే ఉంది. కొడుకు ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నారన్నాను. చెప్పేద్దామని మంచం మీదికి వంగాను. ఇంతలో మా ఆయన లోపలికొచ్చాడు. ఆయన రాకపోతే చెప్పేదాన్నా? ఎంత ఆలోచించినా అవును అని రావడం లేదు.

కలలో వస్తుంది. వాకరు లేకుండా, తడిచిన చీర కుచ్చిళ్ళతో, మధ్యాహ్నపు ఎండలో నడుచుకుంటూ వస్తుంది. నాకు వడ్డిస్తుంది, తను కూర్చోదు. వంటింట్లో ఎక్కడినుంచో పొగమంచు కమ్ముతూ ఉంటుంది. చెబుదామంటే నా నోటినిండా అన్నం. నములుతూనే ఉంటాను, అది అయిపోదు. ఆమె తొందరేం లేనట్టు నిలబడి ఉంటుంది.

మా ఆయనకు ఎప్పటికైనా చెబుతానా? మాట ఇవ్వలేను. ఉత్తుత్తి మొక్కు ఒకటి చాలు. ఆమెకు చెప్పాల్సింది మాత్రం ఇక్కడ రాస్తున్నాను, వినే చెవి లేకపోయినా.

అత్తా, విరదమే లేదు. మీరు దేన్నీ మధ్యలో విడవలేదు.

చూడండి, ఎంత చిన్న మాటో.