గీరితే పచ్చగా ఉన్న గుండె

నా గుండెకి రక్తం తెచ్చే మూడు నాళాలు మూసుకుపోయాయి, పంపింగ్ బాగా తగ్గింది, బైపాస్ చేయాలి అన్నారు గుంటూరులో డాక్టరు గారు. గుండె బలహీనంగా ఉంది కాబట్టి ఆపరేషన్‌లో ప్రమాదం మామూలు కంటే ఎక్కువేనని దాచకుండా చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లో అందరూ వద్దన్నారు.

"మాత్రలు మింగుతూ ఉన్నన్నాళ్ళు ఉంటది. బల్ల మీదే పోతే?" అంది మా పెద్దాడపడుచు, నేను అక్కడ లేనట్టే.

"పోతే నేను పోతా. నీకేం వదినా?"

"ఈ వయసులో కోతలేంటే నీకు?"

ఈ మాట నాకు కొత్త కాదు. యాభై దాటాక పలక పట్టి అక్షరాలు దిద్దుతుంటే కూడా ఆవిడ ఇదే అంది. అప్పుడూ వినలేదు.

మా ఆయన మంచం అంచున కూర్చుని తువ్వాలు మెలిపెడుతున్నాడు. ఆయనకి భయం. నాకూ భయమే.

మా ఆయనతో మళ్ళీ గుంటూరు వెళ్ళినప్పుడు డాక్టరు గారిని నేనే అడిగాను. "గుండెలో ఎంత చచ్చిందయ్యా, ఎంత బతికుంది?"

"కొంత దెబ్బతిందమ్మా. చాలా భాగం బతికే ఉందని స్కానింగ్‌లో తేలింది. రక్తం అందక పని చేయడం లేదు. అందితే తేరుకోవచ్చు. తప్పకుండా అని మాత్రం చెప్పలేను."

మిరప మొక్క తల వాల్చిందని మా ఆయన వెంటనే పీకడు. కాండం మీద గోరుతో గీరతాడు. లోపల ఎండిపోయి ఉంటే పీకేస్తాడు. పచ్చగా ఉంటే ఉంచుతాడు.

"ఏమయ్యా, విన్నావా? గీరి చూశారంట, పచ్చగానే ఉందంట. నీ చేలో మొక్కైతే ఏం చేస్తావు?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీళ్ళు పెడతా."

డాక్టరు గారికి అర్థం కాలేదు. "చేయండయ్యా" అన్నాను.

కాలి నుంచి నరం తీసి గుండెకి వేశారు. ఇంటికొచ్చేసరికి ఊరంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి దగ్గొస్తే, కోసి కుట్టిన రొమ్ము విడిపోతుందేమో అన్నంత నొప్పి. ఆసుపత్రిలో నేర్పినట్టు దిండు అదుముకుని దగ్గేదాన్ని.

"కొత్తపట్నంలో మా అమ్మాయి దగ్గర ఈ ఘాటుండదు, కొన్నాళ్ళు అక్కడుండవే" అంది వదిన. పోలేదు.

మొన్న ఆసుపత్రిలో చూస్తే పంపింగ్ కొంచెం పెరిగింది. కొంచెమే.

"దీనికేనా అంత కోయించుకున్నావు?" అంది వదిన.

"పెరిగిందా లేదా?" అన్నాను.

బరువులు ఎత్తొద్దన్నారు. ఎత్తను. పొద్దున్నే చేను గట్టు దాకా నడుస్తాను. దగ్గర దారి వేరే ఉంది. నేను మాత్రం వదిన ఇంటి ముందు నుంచే వెళ్తాను.