లావెండర్ మీద పడిన నింద

ఆ ఆదివారం మధ్యాహ్నం అద్దంలో చూసుకుంటే నా పై పెదవి ముక్కును అందుకోబోతోంది. చెంపల నిండా దద్దుర్లు. ఫోన్ ముందు ముఖం పెడితే లాక్ తెరుచుకోలేదు. అప్పుడు భయం వేసింది.

మాది కంకిపాడు. విజయవాడలో చీరల షాపులో సేల్స్‌మన్‌ని. రోజంతా ఏసీలో ఉండి చర్మం పొడిబారి పగుళ్లిచ్చేది. మా ఆవిడ పద్మ అప్పుడే అరోమాథెరపీ కోర్సు, అంటే వాసన నూనెలతో మర్దనా చేసే కోర్సు, పూర్తి చేసింది. మొదటి కస్టమర్‌ని నేనే. ఆ ఆదివారం నేను అద్దం చూసుకోవడానికి అరగంట ముందు, బాదం నూనెలో నాలుగు చుక్కల లావెండర్ నూనె కలిపి నా ముఖానికి, మెడకి మర్దనా చేసింది.

బాదం తింటే నాకు చిన్నప్పటి నుంచీ గొంతు దురద. ఆ సంగతి పద్మకి తెలుసు. "తినమనట్లేదుగా, పూస్తున్నా" అంది. నాకూ సబబుగానే తోచింది.

మా వీధిలో డాక్టరు గారు మాత్రలిచ్చి, "ఏం రాశారు?" అనడిగారు.

"లావెండర్ అండీ" అన్నాను. బాదం నూనె మా ఇద్దరికీ గుర్తే రాలేదు. టీ గురించి చెప్పేటప్పుడు నీళ్లు పోశామని ఎవరు చెబుతారు?

"ఆ వాసన నూనె మీకు పడలేదు. మానేయండి" అన్నారాయన.

రెండు రోజుల్లో తగ్గింది. పద్మ లావెండర్ సీసాని అటకెక్కించింది. మూడు వారాలయ్యాక, "ఈసారి ఏమీ కలపనండీ, ఉత్త నూనే" అంటూ బాదం నూనె ధారాళంగా వీపుకి, ఛాతీకి కూడా పట్టించింది.

పది నిమిషాల్లో గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి తీస్తే ఈల వస్తోంది. పద్మ నన్ను ఆటోలో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

ఎమర్జెన్సీలో "అనఫిలాక్సిస్, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ" అంటూ తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ చేశారు. ఈసీజీ స్టిక్కర్లు అంటిస్తుంటే జారిపోతున్నాయి. నర్సమ్మ నన్ను రెండు తువ్వాళ్లతో తుడిచి, "ఏంటమ్మా, వేపుడుకి రెడీ చేసి తెచ్చారా?" అని పద్మనడిగింది. ఊపిరాడాక నాకు నవ్వొచ్చింది. పద్మకి రాలేదు.

తర్వాత అలర్జీ డాక్టరమ్మ, చేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్ట్ రాశారు. దురద మాత్రలు వేసుకుంటే టెస్టులో అలర్జీ బయటపడదట, అందుకని వారం పాటు అవి ఆపేశాను. ఆ వారమంతా చీరలు మడతపెట్టడం కన్నా గోక్కోవడమే ఎక్కువ. టెస్టులో బాదం చుక్క వేసినచోట చేయి ఉబ్బింది.

"గింజ నూనెలో, అందులోనూ గానుగలో తీసినదాంట్లో, ప్రోటీన్ కాస్త మిగిలి ఉంటుంది. పగిలిన చర్మంలోంచి ఇంకా సులువుగా లోపలికి పోతుంది" అన్నారు డాక్టరమ్మ.

"అంటే లావెండర్ తప్పేం లేదాండీ?" అంది పద్మ.

"ప్రస్తుతానికి దాని మీద కేసు లేదమ్మా."

బయటికొచ్చాక పద్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "మిమ్మల్ని చేజేతులా చంపుకునేదాన్ని" అంది. పక్కన కూర్చుని, "వద్దనాల్సింది నేను కదా, ఒళ్లు నాది" అన్నాను.

ఇప్పుడు నా చర్మానికి డాక్టరమ్మ రాసిచ్చిన క్రీమ్ ఒక్కటే. పద్మ పని మానలేదు. ఎవరొచ్చినా ముందు ఏ గింజలు, ఏ పప్పులు పడవో పది ప్రశ్నలు అడుగుతుంది. ఒకావిడ విసుగొచ్చి, "మర్దనాకా అండీ, పెళ్లిచూపులకా?" అందట.

నేను చెప్పేది ఒకటే. ఒంటికేదైనా పడనప్పుడు డాక్టరు "ఏం రాశారు?" అంటే, గుర్తున్న పేరు చెప్పి ఊరుకోకండి. ఇంట్లో ఉన్న సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టండి.