ఊట నీళ్ల రంగు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాను. రాళ్లు పోసి, ముందు కాంక్రీటు పలకలు కప్పిన మా ఆనకట్టలోంచి కారే ఊటను కొలవడం నా పని. అది పెరుగుతోందని రాస్తే, ఆఫీసరు ఫోన్‌లో మూడోసారీ "మళ్లీ కొలువు" అన్నాడు.

నా మాటలన్నీ విన్న పక్కసీటు పెద్దాయన తమ ఊరి చెరువు తూము చూసే నీరడి అట. "ఊట తేటగొస్తున్నదా బిడ్డా, మట్టి కలిసొస్తున్నదా?" అని అడిగాడు.

నిమిషానికి ఎన్ని లీటర్లో చెప్పాను.

"గది కాదు. తేటగుంటే జర ఆగొచ్చు. మట్టి కొట్టుకొస్తే కట్ట లోపల ఖాళీ అయితున్నట్టు. గిలాసల పట్టి సూడలేదా?" అంటూ తన నీళ్ల సీసాను కిటికీ వెలుతురులోకి ఎత్తి చూపించాడు.

చూడలేదు. మా ఫారంలో రంగుకు గడి లేదు. ఆఫీసరు మీది కోపమంతా ఎల్లారెడ్డి చేరేలోపే నా మీదికి మళ్లింది. ఇప్పటికీ గాజు గ్లాసు లేకుండా ఊట దగ్గరికి పోను.